బెజ్జాలు కలిస్తే చక్రం కలిసినట్టు కాదు

మారుతి 800 పాతబడ్డది గని పోలేదు. బీర్పూర్ నుంచి సారంగాపూర్ మీదుగా జగిత్యాల పొయ్యే తొవ్వలో ఇప్పటికీ ఏపీ 15 నంబరుతోటి తిరుగుతనే ఉంటయి. ఒకదాంట్లో మామిడికాయల డబ్బాలు, ఇంకోదాంట్లో ధర్మపురి గోదావరి స్నానానికి పొయ్యే ముసలోళ్లు. మన దిక్కు ఇవి మిగలడానికి కారణం కూడా ఉన్నది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నియమం వచ్చినప్పుడు హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలలో కొత్త 800 అమ్ముడు బందయింది. జిల్లాలలో మాత్రం అమ్ముతనే పోయిన్రు. 2014 జనవరిలో కంపెనీ తయారీనే ఆపేసింది. అంటే 800లలో చిన్న వయసువి మనసొంటి ఊళ్లలోనే ఉన్నయన్నట్టు.

ఇప్పుడు వాటిని మంచి బైకు కన్న తక్కువ ధరకు పిల్లలు కొంటున్నరు. కొన్న వారానికి నా దగ్గరికొచ్చి అడిగే మాట ఒక్కటే: "కాకా, ఫలానా కారు డిస్కులు సస్తగ దొరికినయి, నా బండికి వస్తయా?" నేను కొన్నేండ్లు షార్జాలో టైర్ల షాపులో చేసిన. వాపసొచ్చినంక ఇక్కడ కూడా అదే పని. ఆ ఒక్క ప్రశ్నకు ఇన్నేండ్లల్ల చెప్పుకుంట వచ్చిన జవాబులన్నీ ఒక్క దగ్గర రాస్తున్న.

1. కారు పేరు చెప్పకు, కొలత చెప్పు

చక్రం రిమ్మునే మన దిక్కు డిస్కు అంటరు. అది ఎక్కుడు, ఎక్కకపోవుడు కంపెనీ పేరు మీద లేదు. నట్లు పట్టే బోల్టులన్నిటి నడిమి చుక్కలను కలుపుకుంట ఒక గుండ్రం గీస్తే, ఆ గుండ్రానికి అడ్డంగా ఎంత వస్తదో అదే పీసీడీ. దానికి ముందు బోల్టులెన్నో చెప్తరు. మారుతి 800ది 4x114.3. నాలుగు బోల్టులు, 114.3 మిల్లీమీటర్ల గుండ్రం. ఓమ్నీది కూడా అదే. అందుకే ఓమ్నీ డిస్కు 800 బోల్టుల మీద కూసుంటది.

అదే కంపెనీది స్విఫ్ట్ తీసుకో, 4x100. "రెండూ మారుతీయే గద కాకా" అని స్విఫ్ట్ డిస్కులు ఆటోలో ఏసుకొని వచ్చినోళ్లున్నరు. వాపసు పోవాల్సిందే. ఫియట్ ఊనో, పాలియోలది 4x98. ఫోర్డ్ ఐకాన్‌ది 4x108. ఫోక్స్‌వాగన్ పోలోకు ఐదు బెజ్జాలు, 5x100. టాటా నానోకు మూడే నట్లు. టయోటా కామ్రీది 5x114.3, అంటే గుండ్రం మన 800దే గని బెజ్జాలు ఐదు. అందుకే "114 రిమ్ములు" అని ఎవరన్న ఫోన్‌లో చెప్తే, ఎన్ని బెజ్జాలో అడగకుండ పైసలు పంపకు.

114.3 అనేది వింత అంకె లెక్క కనిపిస్తది గని, అది సరిగ్గా నాలుగున్నర ఇంచులు. ఇంచుల జమానాలో పుట్టిన కొలత, మిల్లీమీటర్లలోకి మారినా అట్లనే ఉండిపోయింది.

2. టేపు పక్కన పెట్టు, స్టీలు స్కేలు తీసుకో

దర్జీ టేపు సాగుతది. వడ్ల పనికి వాడే ఇనుప టేపు కొన దగ్గర కొక్కెం అటిటు కదులుతది, ఒక మిల్లీమీటరు అక్కడనే పోతది. మనకు 98కి 100కి నడుమ తేడానే రెండు మిల్లీమీటర్లు. కాబట్టి స్టీలు స్కేలు, దొరికితే వర్నియర్.

డిస్కును బోర్ల ఏసి, గోనె సంచి మీద పెట్టు. వెనుక పక్క బెజ్జం అంచు సాపుగా ఉంటది. ముందు పక్క నట్టు కూసునే గుంట ఏటవాలుగా ఉంటది కాబట్టి కొలత తప్పుతది. నాలుగు బెజ్జాల డిస్కు అయితే ఎదురెదురు బెజ్జాలు పట్టుకో. బెజ్జం నడిమి చుక్క ఎక్కడున్నదని కండ్లతోటి ఎతుకకు. ఒక బెజ్జం ఎడమ అంచు నుంచి ఎదురు బెజ్జం ఎడమ అంచు దాక కొలువు. రెండు బెజ్జాల సైజు ఒక్కటే కాబట్టి నడిమి నుంచి నడిమికి ఎంతో, అంచు నుంచి అదే పక్క అంచుకు కూడా అంతే. ఎడమ అంచు నుంచి కుడి అంచుకు కొలిస్తే మాత్రం ఒక బెజ్జమంత ఎక్కువొస్తది. 100 డిస్కును 114 అని అమ్మేటోళ్లు చానమంది ఇక్కడనే తప్పుతరు. కొందరు కావాలనే తప్పుతరు.

రెండో జోడి ఎదురు బెజ్జాలను కూడా కొలువు. రెండు కొలతలు ఒక్కతీరు రాకపోతే ఆ డిస్కు ఎక్కడనో దెబ్బ తిన్నదన్నట్టు.

చక్రం బండికే ఉండి, నడుమ కప్పు అడ్డమొచ్చి ఎదురు బెజ్జం దాక స్కేలు అందకపోతే, పక్కపక్క బెజ్జాల నడుమ కొలిచి 1.414తోటి గుణించు. లెక్క చెయ్య బద్ధకమైతే ఇవి యాదిలో పెట్టుకో: పక్కపక్కన 80.8 వస్తే 114.3. 76.4 వస్తే 108. 70.7 వస్తే 100. 69.3 వస్తే 98. చివరి రెండింటి నడుమ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు, అందుకే ఎదురు బెజ్జాలు అందితే వాటినే కొలువుమంటున్న.

ఐదు బెజ్జాల దాంట్లో ఒకదానికి ఎదురుగా ఇంకోటి ఉండదు, రెండింటి నడిమి జాగ ఉంటది. పక్కపక్కవి కొలిచి 1.701తోటి గుణించు. 58.8 వస్తే 100, 67.2 వస్తే 114.3.

అలాయ్ వీల్ అయితే కొలిచే ముందు వెనుక పక్క ఒకసారి గుడ్డతోటి తుడువు. చాన వాటి మీద పీసీడీ పోత పోసే ఉంటది.

3. "రెండు మిల్లీమీటర్లే గద" అంటే ఒప్పుకోకు

100 బోల్టుల మీద 98 డిస్కు ఎక్కుతది. ఎక్కుతదనేదే అసలు ముప్పు. 114 బోల్టుల మీద 100 డిస్కు పెడితే అసలు లోపలికే పోదు, మనిషి బతికిపోతడు. 98 అయితే కొంచెం గుంజి, తట్టి, పానాతోటి బిగిస్తే కూసున్నట్టే అనిపిస్తది. ఒక్కో బోల్టు దగ్గర ఒక మిల్లీమీటరు పక్కకున్నది, నట్టు ఏటవాలు దాన్ని గుంజుకొని సదురుతది. ఆ గుంజుడంతా బోల్టు మీదనే పడ్తది. చక్రం ఒక చుట్టు తిరిగితే బోల్టు ఒకసారి వంగి లేస్తది. తీగను అటిటు వంచితే తెగినట్టు, ఒకనాడు మెడ దగ్గర తెగుతది. ఒకటి తెగినంక దాని భారం మిగిలిన మూడింటి మీద పడ్తది. అవి కూడా ఎన్నో దినాలు ఆగవు.

ఇంతకుముందే అట్ల ఎక్కించిన బండి నీ చేతికొస్తే ఎట్ల తెలుస్తది? నట్లు ఇప్పి, డిస్కు మీద నట్టు కూసున్న గుంటను చూడు. సరిగ్గా కూసున్న నట్టు చుట్టూ ఒక్కతీరు మెరుపు పెడ్తది. ఒక పక్క ఇనుము మెరిసి, ఎదురు పక్క పెయింటు పెయింటు లెక్కనే ఉంటే ఆ నట్టు సగమే కూసున్నది. నాలుగు గుంటలలో ఆ మెరుపు గుండ్రం లోపలి దిక్కే ఉన్నా, లేదా నాలుగింట్లో బయటి దిక్కే ఉన్నా పీసీడీ తప్పు. ఒక్క గుంటలోనే ఉంటే డిస్కు వంగిందో, బోల్టు వంగిందో చూడాలె. నేను కొత్తగ పని నేర్చుకునే పిల్లలకు స్కేలు కన్న ముందు ఈ గుంట చూసుడు నేర్పిస్త.

4. నడిమి బెజ్జం

పీసీడీ కలిసినంక రెండో ప్రశ్న ఇది. హబ్ నడుమ గుండ్రంగ పొడుచుకొచ్చిన భాగం మీద డిస్కు నడిమి బెజ్జం కూసోవాలె. స్విఫ్ట్‌ది 54.1, హోండా సిటీది 56.1, పోలోది 57.1, ఐకాన్‌ది 63.4. పీసీడీ ఒక్కటే అయిన బండ్లల్ల కూడా ఇది వేరుంటది. స్విఫ్ట్, సిటీ రెండూ 4x100నే, సిటీ డిస్కు స్విఫ్ట్‌కు ఎక్కుతది గని చుట్టూ సందు మిగులుతది. ఆ సందు నింపనీకె రింగులు దొరుకుతయి, వేసుకోవచ్చు. సిటీకి స్విఫ్ట్ డిస్కు మాత్రం పోనే పోదు.

అప్పుడు కొందరు గ్రైండరు తీస్తరు. డిస్కు బెజ్జం అరుగదీసిన్రా, అది మళ్ల గుండ్రంగ ఉండదు. 60, 70 స్పీడు దాటంగనే స్టీరింగు వణుకుతది. బ్యాలెన్సింగు చేయిస్తరు, అలైన్‌మెంటు చేయిస్తరు, టైరుదే తప్పంటరు. తప్పు గ్రైండరుది.

5. నట్టు మర బండిది, నట్టు మొఖం చక్రానిది

దీన్ని రెండు ముక్కలుగా అర్థం చేసుకోవాలె. మర అంటే థ్రెడ్డు, అది బండి బోల్టును బట్టి ఉంటది. మారుతీలకు 12x1.25. హ్యుందాయ్, హోండా, టయోటాలకు 12x1.5. చూడనీకె రెండూ ఒక్కతీరే కనిపిస్తయి. శాంత్రో నట్టు మారుతి బోల్టుకు ఒకటి, రెండు చుట్లు చేతితోటి పోతది, తర్వాత పట్టుకుంటది. అక్కడ ఆగాలె. పానాకు పైపు తొడిగి తిప్పితే ఎల్లిపోతది, బోల్టు మర కూడా దాని ఎంబడే ఎల్లిపోతది. అందుకే మా దగ్గర రూలు: ప్రతి నట్టు సగం దాక చేతి వేళ్లతోటే పోవాలె. పోకపోతే ఇప్పి చూడాలె.

మొఖం అంటే నట్టు డిస్కుకు ఆనే భాగం. కొన్ని ఏటవాలుగా ఉంటయి, కొన్ని గోళీ తీరు గుండ్రంగ, కొన్ని సాపుగా వాషరుతోటి. అది చక్రానికి తగ్గట్టుండాలె. గుండ్రటి గుంటలో ఏటవాలు నట్టు ఏస్తే సన్నటి గీత మీద ఆనుతది. అయ్యాల గట్టిగనే ఉంటది, వారం తర్వాత లూజు. ఫోక్స్‌వాగన్ బండ్లకైతే నట్లే ఉండవు, హబ్‌లోకి బోల్టు పోతది. అది వేరే లోకం.

6. ఖాళీ బండి నమ్మకు

చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూసుంటదో చెప్పేది ఆఫ్‌సెట్. అలాయ్ వీల్ మీద ఈటీ అని రాసి పక్కన అంకె ఉంటది. ఆ అంకె పెద్దగయితే చక్రం లోపలికి పోతది, చిన్నగయితే బయటికొస్తది. చక్రం బయటికి పొడుచుకొస్తే బండి గట్టిగ నిలబడ్డట్టు కనిపిస్తదని పిల్లలకు ఇష్టం. బేరింగుకు ఇష్టం ఉండదు. భారం పడే జాగ మారుతది, బేరింగు తొందరగ మోగుతది, స్టీరింగు గుంతల్లో చేతిని గుంజుతది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చుకోనీకె లేదు. పదిహేనేండ్లు దాటిన బండిని మళ్ల రిజిస్ట్రేషన్‌కు తీసుకపోయినప్పుడు మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన చక్రాన్నే ముందు అడుగుతరు.

షాపులో ఎక్కించి, అటిటు తిప్పి, "తగుల్తలేదు కాకా" అంటరు. ఖాళీ బండికి తగలదు. 800 బరువు 650 కిలోల చిల్లర, వెనుక ముగ్గురు కూసుంటెనే సగం కూర్చుంటది. నేనైతే నలుగురు మనుషులను ఎక్కించి, స్టీరింగు పూర్తిగ ఎడమకు, పూర్తిగ కుడికి తిప్పి, స్పీడ్ బ్రేకరు మీద మెల్లగ నడిపిస్త. వెనుక అద్దం దించి వినమంట. టైరు లోపలి అంచు మీద సున్నం గీత పెట్టి, వచ్చినంక అది చెరిగిందో చూస్త. ఎండాకాలం మామిడికాయలు చెల్‌గల్ మార్కెట్‌కు తీసుకపొయ్యే బండికి, పసుపు బస్తాలు ఏసే బండికి ఈ పరీక్ష తప్పనిసరి. భారంతోటి మడ్‌గార్డుకు రాసుకున్న టైరు ఎండకు పేలితే పక్క పొలంలో ఉంటం.

7. లేతు మీద కొత్త బెజ్జాలు వద్దు

"100 డిస్కుకు 114 బెజ్జాలు కొట్టిస్త" అని ఒక ఉపాయం చెప్తరు. లెక్క చూడు. రెండు గుండ్రాల వ్యాసం తేడా 14.3, అంటే నడిమి నుంచి చూస్తే 7.15 మిల్లీమీటర్లే. బోల్టే 12 మిల్లీమీటర్ల మందం, బెజ్జం దానికన్న పెద్దది. పాత బెజ్జం పక్కన కొత్తది కొడితే రెండు కలిసి పొడుగు రంధ్రం అయితది. అందుకని పాత బెజ్జాల నడిమి జాగలో కొడ్తరు. ఇప్పుడు నాలుగు బెజ్జాలకు మాత్రమే లెక్క కట్టిన రేకు మీద ఎనిమిది బెజ్జాలు. గాలి పోయే కిటికీలకు, బెజ్జాలకు నడుమ ఇనుము సన్నబడ్తది, అక్కడి నుంచే పగులు మొదలైతది.

కంపెనీయే ఎనిమిది బెజ్జాలతోటి పోత పోసిన అలాయ్ వీల్స్ బజార్లో ఉన్నయి, 100కు, 114.3కు రెండింటికి పనికొచ్చేటట్టు. అవి వేరు, వాటికి నడుమ మందం ఆ లెక్కతోనే పెడ్తరు. ఇగ అడాప్టరు ప్లేట్లు. చక్రానికి, హబ్‌కు నడుమ ఒక మందపాటి ప్లేటు ఏసి పీసీడీ మారుస్తరు. ఆ ప్లేటు మందమంత చక్రం బయటికొస్తది, నేను ఆరో పాఠంలో చెప్పినయన్నీ అయితయి. 37 హార్స్‌పవర్ బండికి ఇంత ఆడంబరం దేనికని అడిగితే కోపం తెచ్చుకుంటరు.

8. టైరు ఎత్తు

800కు కంపెనీ టైరు 145/70 ఆర్12. మొత్తం ఎత్తు 508 మిల్లీమీటర్లు. ఆల్టోకు వచ్చే 145/80 ఆర్12 ఎత్తు 537. రిమ్ము సైజు ఒక్కటే కాబట్టి ఎక్కుతది, గని స్పీడోమీటరు 60 చూపిచ్చినప్పుడు బండి నిజంగ 63 దాటి పోతుంటది, ఎత్తుగడ్డ మీద ఇంజన్ మూలుగుతది. 13 ఇంచుల రిమ్ముకు 155/65 టైరు ఏస్తే 532. కొంచెం వెడల్పు కావాలంటే 12 ఇంచుల మీదనే 155/70, ఎత్తు 522, మూడు శాతం లోపలే. దాన్ని ఒప్పుకుంట. మిగిలినవి ఒప్పుకోను.

9. పాత డిస్కు కొనుడు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాన్ల దుకాన్లు వరుసగ ఉంటయి. అక్కడ మా పక్క దుకానపాయన ప్రతి డిస్కు మీద చాక్‌పీసుతోటి పీసీడీ రాసి పెట్టేటోడు. బేరం ధర మీద నడిచేది గని కొలత మీద నడవకపోయేది. మన దగ్గర తుక్కు దుకాన్లల్ల డిస్కులన్నీ ఒక్క కుప్పలో ఉంటయి, కొలుసుడు మన పనే.

కుప్పలో 800 డిస్కు దొరికినంక మూడు చూడు. బెజ్జాలు కోడిగుడ్డు తీరు సాగినయా. లూజు నట్లతోటి నడిపిన డిస్కుకు అట్లయితది, అది ఇగ పనికిరాదు. బెజ్జం నుంచి నడిమి దిక్కు సన్నటి తుప్పు గీత ఉన్నదా. అది గీత కాదు, పగులు. అంచు వంగిందా. దేన్ని కూడా వెల్డింగు పెట్టి అమ్మితే ముట్టుకోకు. కొత్తగ నల్ల పెయింటు నిగనిగలాడుతుంటే ఒక జాగల గీకి చూడు, అమ్మేటోడు ఏమన్నా అనుకోనియ్యి.

10. బిగించుడు

హబ్ మీద తుప్పు, మట్టి వైరు బ్రష్షుతోటి గీకు. బోల్టులకు నూనె, గ్రీజు రాయకు. నట్లన్నీ చేతితోటి ఎక్కించినంక, ఒకటి బిగించి దాని ఎదురుది బిగించు, పక్కది కాదు. జాకీ మీద ఉన్నప్పుడు సగం, చక్రం నేలకు ఆనినంక పూర్తిగ. బండితోటి వచ్చిన పానా పొడుగు చాలు, దాని మీద ఎక్కి తొక్కుడు వద్దు. 50, 100 కిలోమీటర్లు నడిచినంక ఇంకోసారి చూడాలె. కొత్త డిస్కు ఏసినంక ఈ రెండోసారి బిగించుడు మాత్రం మరువద్దు.

కొండగట్టు అంజన్న దగ్గర వాహన పూజ చేయిస్తరు, చక్రాల కింద నిమ్మకాయలు పెడ్తరు. మంచిదే. ఆ గుట్ట దిగే ముందు నట్లు కూడా ఒకసారి చూస్తే అంజన్నకు కూడా పని తక్కువైతది.

11. ఇగ నా తీర్పు

పాత 800కు అన్నిటికన్న మంచి చక్రం దాని కంపెనీ 12 ఇంచుల ఇనుప డిస్కే. వంగితే సదురొచ్చు, పగిలేటప్పుడు ముందే చెప్తది, నట్లు ప్రతి ఊరిలో దొరుకుతయి. అలాయ్ కావాలె అనుకుంటే 4x114.3కే చేసినవి, 12 ఇంచులవే తీసుకో. మిగిలిన పైసలు టైర్ల మీద పెట్టు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆ సంవత్సరం చూసి కొను.

12. స్టెప్నీ

సెకండ్ హ్యాండ్ బండ్లల్ల ఎక్కువ మోసం ఇక్కడనే ఉంటది. నాలుగు చక్రాలు సరిగ్గ ఉంటయి, స్టెప్నీ వేరే బండిది ఏసి అమ్ముతరు. లేకపోతే నాలుగింటికి అలాయ్ ఏసి, వాటి నట్లే ఇస్తరు. ఇనుప స్టెప్నీకి ఆ నట్లు కూసోవు, పాత నట్లు ఎక్కడున్నయో ఎవలకు తెల్వది. మీ ఇంట్ల 800 ఉంటే ఈ ఆదివారం స్టెప్నీని బయటికి తీసి, ముందు చక్రం జాగల ఒకసారి, వెనుక చక్రం జాగల ఒకసారి ఎక్కించి చూడుండ్రి. దానికి పట్టే నాలుగు నట్లు చిన్న సంచిలో కట్టి డిక్కీలో పెట్టుండ్రి. ఎక్కకపోతే పగటి పూట జగిత్యాల పోయి మార్పించుకోవచ్చు.